ఏడాది విరామం విదేశంలో: ఏ వీసా అడగాలి?

"ముందు టూరిస్టు వీసా మీద వెళ్లిపోదాం, అక్కడికెళ్లాక పొడిగించుకోవచ్చులే." ఉద్యోగానికి ఏడాది విరామం ఇచ్చి వేరే దేశంలో ఉండి రావాలనుకునేవాళ్ల నోట తరచుగా వినే మాట ఇది. ప్లాన్లు దెబ్బతినేది ఎక్కువగా ఈ మాట దగ్గరే. యూరప్‌లో చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ టూరిస్టు వీసాను హఠాత్తుగా జబ్బు చేయడం, విమానాలు ఆగిపోవడం లాంటి అత్యవసరాల్లో తప్ప పొడిగించరు. అమెరికాలో పొడిగింపు అడగవచ్చు గానీ, ఇచ్చి తీరాలన్న నియమం లేదు. అద్దె ఇల్లు ఖాళీ చేసి, పిల్లల్ని బడి మాన్పించి, జీతం వదులుకుని బయల్దేరిన కుటుంబం మూడో నెలలోనే వెనక్కి రావలసి వస్తే పోయేది వీసా ఫీజు ఒక్కటే కాదు.

అందుకని ఈ పని మొదటిసారి చేస్తున్నవాళ్లకు ఏది ముందు చూసుకోవాలో, ఏది తర్వాతో వరుసగా చెబుతాను. భారత పాస్‌పోర్టు మీద హైదరాబాదు, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్ల నుంచి బయల్దేరేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఇందులోని డబ్బు లెక్కలు ఏటా కొంత మారతాయి. ఆలోచించే పద్ధతి మాత్రం అంతగా మారదు.

1. సెలవును కాగితం మీదికి తెచ్చుకోండి

మన విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి విరామ సెలవుకు, అంటే సబాటికల్‌కు, స్పష్టమైన నియమం ఉంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్‌గానో ప్రొఫెసర్‌గానో ఏడేళ్లు పనిచేసిన శాశ్వత అధ్యాపకులు చదువుకో పరిశోధనకో ఈ సెలవు పెట్టవచ్చు. ఒక విడతలో ఏడాదికి, మొత్తం సర్వీసులో రెండేళ్లకు మించకూడదు. ప్రైవేటు కంపెనీల్లో అలాంటి ఉమ్మడి నియమం లేదు. కొన్ని కంపెనీలు జీతం లేని సెలవుగా ఇస్తాయి, కొన్ని రాజీనామా చేయమంటాయి. ప్రభుత్వ ఉద్యోగులైతే సెలవు మంజూరుతో పాటు విదేశాలకు వెళ్లడానికి శాఖ అనుమతి కూడా విడిగా తీసుకోవాలి.

మీది ఏ రకమైనా, సెలవు ఉత్తర్వులో మూడు సంగతులు ఉండేలా చూసుకోండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, జీతం ఉందా లేదా, తిరిగి వచ్చాక ఉద్యోగం ఉంటుందా. మీరు వెనక్కి వస్తారని నమ్మించడానికి వీసా అధికారి ముందు పెట్టే మొదటి ఆధారం ఇదే. మౌఖికంగా "వెళ్లి రండి, చూద్దాం" అన్న మేనేజరు మాట అక్కడ పనికిరాదు.

2. అక్కడ ఏం చేస్తారో ఒక్క వాక్యంలో రాయండి

చాలామంది దేశంతో మొదలుపెడతారు. ఇటలీ బాగుంటుందట, పోర్చుగల్‌లో ఖర్చు తక్కువట అని. నా ఉద్దేశంలో మొదలుపెట్టాల్సింది అక్కడ కాదు. మీ రోజు అక్కడ ఎలా గడుస్తుందో ముందు తేలాలి. వీసా చట్టాలన్నీ దాన్ని బట్టే రకాలుగా విడిపోయాయి కాబట్టి. ఊరికే ఉండి చూసి రావడానికి ఒక వీసా, భాషో కళో నేర్చుకోవడానికి ఒకటి, విశ్వవిద్యాలయంలో పరిశోధనకు ఒకటి, ఇండియా ఉద్యోగాన్ని అక్కడి నుంచి చేయడానికి ఇంకొకటి.

"నేను ఫలానా చోట పది నెలలు ఉండి, రోజూ ఫలానా పని చేస్తాను" అని ఒక తెల్ల కాగితం మీద రాయండి. వాక్యంలో "ఇంకా", "వీలైతే" అనే మాటలు వస్తుంటే మీ ఆలోచన ఇంకా కుదురుకోలేదని అర్థం. ఆ వాక్యం స్థిరపడిన రోజే సగం దేశాలు జాబితాలోంచి వాటంతట అవే పోతాయి.

3. లాప్‌టాప్ సంగతి నిజాయితీగా తేల్చుకోండి

తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు అన్నిటికంటే పెద్ద చిక్కు ఇక్కడే. "జీతం ఇండియాలో పడుతుంది, క్లయింటు అమెరికాలో ఉన్నాడు, నేను స్పెయిన్‌లో కూర్చుని మీటింగ్‌కి వస్తే స్పెయిన్‌కి ఏంటి నష్టం?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ చాలా దేశాల చట్టం జీతం ఎక్కడ పడుతోందని చూడదు, పని చేస్తున్న మనిషి ఎక్కడున్నాడని చూస్తుంది. స్పెయిన్‌లో పని చేయకుండా నివసించేవాళ్లకిచ్చే వీసా మీద ఉండి ఇంటి నుంచి ఆఫీసు పని చేయడానికి వీల్లేదు. ఫ్రాన్సు విజిటర్ వీసాకైతే ఆ దేశంలో ఏ వృత్తి పనీ చేయనని సంతకం పెట్టి ఇవ్వాలి.

ఈ విషయంలో కొన్ని దేశాలు మెత్తబడ్డాయి. న్యూజిలాండ్ 2025 జనవరి 27 నుంచి విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు విదేశీ యజమాని పనిని దూరం నుంచి చేసుకోవడానికి ఒప్పుకుంది. బ్రిటన్ 2024 నుంచి సందర్శకులకు అలాంటి వెసులుబాటు ఇచ్చింది, కాకపోతే వచ్చిన అసలు ఉద్దేశం అదే కాకూడదు. మిగతా చోట్ల, పని చేసే ఆలోచన ఉంటే దానికోసమే పెట్టిన డిజిటల్ నోమాడ్ వీసా అడగండి. మీ కంపెనీ నుంచి లిఖిత అనుమతి కూడా తీసుకోండి. డేటా భద్రత, పన్ను కారణాలతో ఉద్యోగులు విదేశాల నుంచి లాగిన్ కావడాన్ని ఒప్పుకోని కంపెనీలు ఉన్నాయి.

నిజంగా విరామమే కావాలనుకుంటే పని లేని వీసా తీసుకుని నిజంగానే మానేయండి. ఏడాది సెలవు పెట్టి సగం పని చేయడం ఒంటికీ మంచిది కాదు, చట్టానికీ సరిపడదు.

4. వీసా గడువు వేరు, ఉండే రోజులు వేరు

స్టిక్కరు మీద ఉన్న చివరి తేదీ వరకు ఉండవచ్చనుకోవడం పెద్ద పొరపాటు. అమెరికా బి-2 వీసా మనవాళ్లకు పదేళ్లకు ఇస్తారు. ఆ పదేళ్లలో తలుపు దగ్గరికి రావచ్చని మాత్రమే దాని అర్థం. లోపల ఎన్నాళ్లు ఉండాలో విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తారు, సాధారణంగా ఆరు నెలలు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. దిగిన రోజే దాన్ని ఆన్‌లైన్‌లో తీసి చూసుకోండి.

షెంగెన్ లెక్క ఇంకా జాగ్రత్తగా చూడాలి. 29 దేశాలకు కలిపి ఒకే లెక్క: ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదు. ఫ్రాన్సులో 45, ఇటలీలో 45 ఉంటే ఇక జర్మనీలో ఉండటానికి మిగిలింది సున్నా. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. మీరు మార్చి 1న పారిస్‌లో దిగారనుకుందాం. మే 29తో 90 రోజులు పూర్తి. మళ్లీ అడుగుపెట్టగలిగేది ఆగస్టు 28న. మధ్యలో మూడు నెలలు షెంగెన్ బయట గడపాలి. రెండేళ్లకో ఐదేళ్లకో మల్టిపుల్ ఎంట్రీ వీసా చేతిలో ఉన్నా ఈ నియమం మారదు. 2024 ఏప్రిల్ నుంచి, అంతకుముందు మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు సక్రమంగా వాడిన భారతీయులకు రెండేళ్ల వీసా తేలికగా ఇస్తున్నారు. అది తరచుగా వెళ్లొచ్చేవాళ్లకు మేలు. ఏడాది పొడుగునా ఒకచోట ఉండేవాళ్లకు కాదు.

పాస్‌పోర్టుల మీద ముద్రలు లెక్కపెట్టే కాలం కూడా పోతోంది. షెంగెన్ దేశాలు 2025 అక్టోబరు 12 నుంచి వేలిముద్రలు, ఫోటోతో రాకపోకలను కంప్యూటర్లో నమోదు చేయడం మొదలుపెట్టాయి. ఒక్క రోజు ఎక్కువున్నా కనిపిస్తుంది.

5. ఇప్పుడు దేశాన్నీ వీసానూ కలిపి చూడండి

యూరప్‌లో 90 రోజులు దాటి ఉండాలంటే ఏ దేశంలో ఉండదలిచారో ఆ దేశం ఇచ్చే దీర్ఘకాల జాతీయ వీసా తీసుకోవాలి. దీన్నే డి వీసా అంటారు. దీని మీద ఆ దేశంలో గడిపిన రోజులు 90 రోజుల లెక్కలోకి రావు. మిగతా షెంగెన్ దేశాలకు 180 రోజుల్లో 90 దాకా తిరిగి రావచ్చు కూడా.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. హైదరాబాదులో భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల పాప. ఇద్దరూ జీతం లేని సెలవు పెట్టారు. దక్షిణ యూరప్‌లో ఓ చిన్న ఊళ్లో ఏడాది ఉండాలని కోరిక. పని చేయరు. దాచుకున్న డబ్బు ఉంది. వీళ్ల ముందు మూడు దారులు ఉన్నాయి.

స్పెయిన్ నాన్-లూక్రటివ్ వీసా మొదటిది. ఐప్రెమ్ అని అక్కడొక సూచీ ఉంది, 2025లో నెలకు 600 యూరోలు. దరఖాస్తుదారు దానికి నాలుగు రెట్లు, అంటే నెలకు 2,400, ఏడాదికి 28,800 యూరోలు చూపాలి. వెంట వచ్చే ప్రతి మనిషికీ నెలకు ఇంకో 600. ముగ్గురికి ఏడాదికి 43,200 యూరోలు. యూరో వంద రూపాయలని వేసుకున్నా 43 లక్షల పైనే. దీనికి తోడు స్పెయిన్‌లో చెల్లే పూర్తి ఆరోగ్య బీమా, పోలీస్ క్లియరెన్స్, వైద్య ధ్రువపత్రం, అన్నిటికీ స్పానిష్ అనువాదం. వెళ్లాక నెలలోపు నివాస కార్డుకు దరఖాస్తు చేయాలి. కాగితాల పని ఎక్కువ. కానీ నియమాలు స్పష్టం, తర్వాత పొడిగించుకునే వీలుంది.

రెండోది ఫ్రాన్సు దీర్ఘకాల విజిటర్ వీసా. ఇది నాలుగు నుంచి పన్నెండు నెలల వరకు ఇస్తారు. ఆదాయానికి వాళ్ల కనీస వేతనాన్ని కొలమానంగా చూస్తారు, చేతికొచ్చే మొత్తం నెలకు సుమారు 1,400 యూరోలు. ఇందులో రెండు రకాలున్నాయి, ఇది చాలామందికి తెలియదు. ఒకటి వెళ్లాక మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో ధ్రువీకరించుకోవాల్సింది, దానిమీద నివాసాన్ని పొడిగించమని అడగవచ్చు. రెండోది ఆ తంతు లేని తాత్కాలిక రకం, గడువు కాగానే తిరిగి రావాల్సిందే. ఏడాదికే వెళ్లి వచ్చేసేవాళ్లకు రెండోదే హాయి. పాప సంగతి కూడా ఇక్కడ తేలిక: ఫ్రాన్సులో మూడు నుంచి పదహారేళ్ల దాకా చదువు నిర్బంధం, ప్రభుత్వ బళ్లలో ఫీజు లేదు.

మూడోది చదువు దారి. దంపతుల్లో ఒకరు గుర్తింపు ఉన్న సంస్థలో పూర్తికాలపు స్పానిష్ కోర్సులో చేరితే స్పెయిన్ విద్యార్థి వీసాకు నెలకు ఐప్రెమ్ ఒక రెట్టు, అంటే 600 యూరోలు చూపితే చాలు. మొదటి వీసాతో పోలిస్తే నాలుగో వంతు. కుటుంబాన్ని వెంట తీసుకెళ్లనిస్తారో లేదో మాత్రం ముందే అడిగి తెలుసుకోండి. జర్మనీలోనూ వారానికి కనీసం 18 పాఠాలుండే జర్మన్ భాషా కోర్సుకు ఏడాది దాకా వీసా ఉంది. దానికి నెలకు వెయ్యి యూరోల పైచిలుకు చొప్పున ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాలి, అక్కడికెళ్లాక నెలనెలా అంతే తీసుకోవచ్చు. నలభై ఏళ్ల వయసులో మళ్లీ తరగతి గదిలో కూర్చోవాలన్న కోరిక నిజంగా ఉన్నవాళ్లకు ఇది నేను మొదట చెప్పే దారి. ఊరి మనుషులతో మాట కలవడానికి భాష కంటే దగ్గరి తోవ లేదు. కానీ పేరుకు చేరి క్లాసులు ఎగ్గొట్టే ఆలోచన ఉంటే వద్దు. హాజరు అడుగుతారు.

అక్కడి నుంచే పని చేయాలనుకుంటే పోర్చుగల్ డి8 చూడండి. 2022 అక్టోబరులో మొదలైంది. అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్ల ఆదాయం ఉండాలి. 2025 లెక్కలో నెలకు 3,480 యూరోలు.

ఆసియాలో థాయ్‌లాండ్ 2024 జులైలో తెచ్చిన డీటీవీ వీసా చాలామందికి సరిపోతుంది. ఐదేళ్ల గడువు, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు. ఇరవై ఏళ్లు నిండి, ఖాతాలో 5 లక్షల బాత్‌లు చూపగలగాలి, మన డబ్బులో 13 లక్షలకు పైనే. విదేశీ కంపెనీకి దూరం నుంచి పనిచేసేవాళ్లతో పాటు థాయ్ వంట, ముయే థాయ్ నేర్చుకునేవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. మారిషస్‌లో ఏడాది ప్రీమియం వీసాకు నెలకు 1,500 డాలర్ల ఆదాయం చాలు. తరాల క్రితం వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లున్న దేశం అది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. పిల్లలతో వెళ్లేవాళ్లు దీన్ని తప్పకుండా పరిశీలించాలి.

అసలు వీసాయే అక్కర్లేని చోటు కూడా ఉంది. 1950 నాటి ఒప్పందం వల్ల నేపాల్‌లో భారతీయులు వీసా లేకుండా ఉండవచ్చు, రోజుల పరిమితి లేదు. రాయడానికో, ధ్యానానికో, కొండల్లో నడవడానికో ప్రశాంతంగా ఓ ఏడాది కావాలనుకునేవాళ్లు ఖాట్మండునో పోఖరానో ఎందుకు తలుచుకోరో నాకు అర్థం కాదు. భూటాన్‌కూ వీసా వద్దు గానీ పర్మిట్ కావాలి, మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుము ఉంది. ఏడాదికి అది నాలుగు లక్షలు దాటుతుంది.

అధ్యాపకులకు బ్రిటన్‌లో మంచి ఏర్పాటు ఉంది. తన రంగంలో ఉన్నత అర్హత ఉండి, సొంత సంస్థ నుంచి సబాటికల్ మీద పరిశోధనకు వచ్చేవాళ్లకు మామూలు ఆరు నెలలకు బదులు పన్నెండు నెలల విజిటర్ వీసా ఇస్తారు. అమెరికాకు జె-1 ఉంది. ఆతిథ్యమిచ్చే విశ్వవిద్యాలయం డీఎస్-2019 పత్రం పంపాలి. తీసుకునే ముందు రెండేళ్ల స్వదేశ నివాస నియమం మీకు వర్తిస్తుందో లేదో తప్పకుండా అడగండి. అది వర్తిస్తే ఇండియాలో రెండేళ్లు ఉండేవరకు, మినహాయింపు దొరికితే తప్ప, హెచ్-1బి గానీ గ్రీన్‌కార్డు గానీ రావు.

ముప్పై దాటని యువతకు రెండు లాటరీలున్నాయి. బ్రిటన్ యంగ్ ప్రొఫెషనల్స్ పథకంలో ఏటా 3,000 మంది భారతీయులకు రెండేళ్ల చోటు, డిగ్రీతో పాటు 2,530 పౌండ్ల పొదుపు చూపాలి. ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసాకు 1,000 చోట్లు. రెండింట్లోనూ పనిచేసుకోవచ్చు. లాటరీలో పేరు వస్తేనే దరఖాస్తు, అందుకని దీని మీదే ఆధారపడి రాజీనామా ఇవ్వకండి.

ఒక హెచ్చరిక. "నోమాడ్ వీసా ఇస్తున్నారు" అన్న వార్త చూడగానే సంబరపడవద్దు. జపాన్ 2024 మార్చి 31 నుంచి ఏడాదికి కోటి యెన్ల ఆదాయం ఉన్నవాళ్లకు ఆరు నెలలు ఇస్తోంది. కానీ తమతో పన్ను ఒప్పందం, వీసా మినహాయింపు రెండూ ఉన్న దేశాల పౌరులకే. భారత పాస్‌పోర్టుకు జపాన్ వీసా మినహాయింపు లేదు. ఏ వీసా గురించి చదివినా ముందు చూడాల్సింది మీ పాస్‌పోర్టుకు అది వర్తిస్తుందా అన్నదే.

6. పేర్లు, కాగితాలు

తెలుగువాళ్ల దరఖాస్తులు ఆగిపోవడానికి చాలాసార్లు పేరే కారణం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం, బ్యాంకులో ఇంటిపేరు చివర, ఆధార్‌లో మొదట. పెళ్లైన స్త్రీలకు పుట్టింటి పేరు ఒకచోట, అత్తింటి పేరు ఇంకోచోట. మనకు ఇదంతా ఒకే మనిషని తెలుస్తుంది. మాడ్రిడ్‌లోనో బెర్లిన్‌లోనో కూర్చున్న గుమాస్తాకు నలుగురు మనుషుల్లా కనిపిస్తుంది. పాస్‌పోర్టులో ఉన్న పేరునే ప్రమాణంగా పెట్టుకుని బ్యాంకు ఖాతా, పాన్, బీమా పాలసీ అన్నిటినీ దానికి సరిచేయించండి. సరిచేయలేని పాత సర్టిఫికెట్లకు ఆ పేర్లన్నీ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ తీసుకోండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టైతే దరఖాస్తుకు ముందే మార్పించుకోవడం మేలు.

కుటుంబంతో వెళ్తుంటే పెళ్లి, పుట్టుక ధ్రువపత్రాలు కావాలి. శుభలేఖ, పెళ్లి ఫోటోలు చాలవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే వివాహ నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చినా, నమోదు చేయించుకోని జంటలు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఇప్పుడైనా చేయించుకోవచ్చు. పిల్లల జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగా లేదు కదా అని చూడండి. ఈ పత్రాలకు రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ అనే ధ్రువీకరణ ముద్ర వేయించాలి. భారతదేశం 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కాబట్టి స్పెయిన్, ఫ్రాన్సు లాంటి సభ్య దేశాలకు ఆ ముద్రే సరిపోతుంది. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా వస్తుంది. దాని చెల్లుబాటు కొద్ది నెలలే, మరీ ముందుగా తీసుకోకండి.

7. డబ్బు, బీమా, పన్ను

బ్యాంకు స్టేట్‌మెంటులో అధికారి చూసేది నిల్వ ఎంతని మాత్రమే కాదు, ఆ నిల్వ ఎలా వచ్చిందని. ఆఖరి వారంలో బావమరిది దగ్గర తెచ్చి వేసిన పది లక్షలు మేలు చేయవు, అనుమానం తెస్తాయి. ఆర్నెల్ల ముందు నుంచే డబ్బును ఒక ఖాతాలోకి చేర్చుకుంటూ రండి. స్థలం అమ్మిన సొమ్మైతే ఆ దస్తావేజు నకలు జత చేయండి. విదేశానికి పంపడానికి ఆర్‌బీఐ పథకం కింద మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది. పది లక్షలు దాటితే బ్యాంకు మూలంలో పన్ను వసూలు చేస్తుంది. రిటర్నులో అది సర్దుబాటవుతుంది, కానీ అంతవరకు చేతిలో ఆ డబ్బు ఉండదు.

షెంగెన్ టూరిస్టు వీసాకు 30,000 యూరోల ప్రయాణ బీమా చాలు. దీర్ఘకాల వీసాకు అలాంటి పాలసీ అన్నిచోట్లా చెల్లదు, షరతులు చదివి కొనండి. ఇక్కడి ఆరోగ్య బీమాను మాత్రం ఆపకండి. తిరిగొచ్చాక కొత్తగా తీసుకుంటే పాత జబ్బులకు మళ్లీ వేచి ఉండే కాలం మొదలవుతుంది.

పన్ను గురించి చిన్న మాట. విదేశంలో 183 రోజులు దాటితే చాలా దేశాలు మిమ్మల్ని తమ పన్ను నివాసిగా చూస్తాయి, స్పెయిన్ అలాంటిదే. ఇటు మన చట్టం ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడున్నా, లేక 60 రోజులుండి అంతకుముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులున్నా నివాసిగానే లెక్కిస్తుంది. అక్టోబరులో వెళ్లి మరుసటి సెప్టెంబరు చివర వచ్చేవాళ్లు రెండు ఆర్థిక సంవత్సరాల్లోనూ ఇక్కడి నివాసులే. ఉద్యోగం కోసం దేశం విడిచేవాళ్లకు 60 రోజుల నియమంలో సడలింపు ఉంది. సెలవు మీద వెళ్లేవాళ్లు దాన్ని తమకు అన్వయించుకోకూడదు. అద్దెలు, షేర్లు ఉన్నవాళ్లు బయల్దేరే ముందే ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌తో గంటసేపు మాట్లాడండి.

8. దరఖాస్తు

ఏడాది ప్లానుకు పది నెలల ముందు మొదలుపెట్టడం సరైన సమయం. మొదటి రెండు నెలలు పేర్లు, ధ్రువపత్రాలు సరిచేయడానికే పోతాయి. దరఖాస్తును మరీ ముందుగా తీసుకోరు: షెంగెన్ టూరిస్టు వీసాకు ఆరు నెలల ముందు, ఫ్రాన్సు దీర్ఘకాల వీసాకు మూడు నెలల ముందు. మీ జిల్లా ఏ కాన్సులేట్ పరిధిలోకి వస్తుందో ముందే చూసుకోండి. హైదరాబాదు కేంద్రంలో టూరిస్టు దరఖాస్తు తీసుకునే దేశం దీర్ఘకాల దరఖాస్తుకు ఢిల్లీకో ముంబైకో రమ్మనవచ్చు.

వీఎఫ్‌ఎస్, బీఎల్‌ఎస్ లాంటి కేంద్రాలు కాగితాలు, వేలిముద్రలు తీసుకుని పంపుతాయి, అంతే. వీసా ఇవ్వడంలో వాటి ప్రమేయం లేదు. కాబట్టి "మాకు లోపల మనుషులున్నారు, గ్యారంటీ" అనే కన్సల్టెన్సీ దగ్గర్నుంచి వెంటనే లేచి వచ్చేయండి. దొంగ స్టేట్‌మెంట్లు, కల్పిత హోటల్ బుకింగులు పెట్టి పట్టుబడితే ఒక్క వీసాతో పోదు. బ్రిటన్‌లో మోసానికి పదేళ్ల నిషేధం దాకా ఉంది. గతంలో ఎక్కడైనా వీసా తిరస్కరించి ఉంటే దాచకండి. తిరస్కరణ ఉన్నా వీసా వచ్చినవాళ్లున్నారు. దాచి పట్టుబడినవాళ్లకు ఆ అవకాశం ఉండదు.

దరఖాస్తుతో పాటు ఒక పేజీ లేఖ మీరే రాయండి. రెండో అడుగులో రాసుకున్న వాక్యమే దానికి మొదటి వాక్యం. ఎందుకు విరామం తీసుకుంటున్నారు, అక్కడ ఎక్కడ ఉంటారు, ఖర్చు ఎలా పెడతారు, ఎప్పుడు ఏ పనికి తిరిగి వస్తారు. అలంకారాలు వద్దు. ప్రతి వాక్యానికీ వెనక ఒక కాగితం ఉండాలి.

వీసా రాకముందు తిరిగి డబ్బు రాని టికెట్టు కొనకండి, అద్దె ఇల్లు ఖాళీ చేయకండి, పాప టీసీ తీసుకోకండి. పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజు స్టిక్కరు మీద ఐదు సంగతులు సరిచూడండి: పేరు, పాస్‌పోర్టు నంబరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ఎన్నిసార్లు ప్రవేశించవచ్చో. తప్పు కనిపిస్తే ఆ రోజే కేంద్రానికి రాతపూర్వకంగా చెప్పండి. విమానం ఎక్కాక దాన్ని దిద్దించుకోవడం దాదాపు కాని పని.